వీథిలోని బాల్యము - స్మృతియు సాక్ష్యమును

ఒక తరమువారు వృద్ధులగుచుండగా వారి బాల్యమును గూర్చిన గ్రంథములు వరుసగా వెలువడుట లోకసహజము. రెండవ ప్రపంచయుద్ధము 1945లో ముగిసిన పిమ్మట అమెరికా దేశమున నగరముల యంచులందు వెలసిన క్రొత్తపేటలలో పెరిగినవా రిప్పు డట్టి గ్రంథములకు కర్తలైరి. వారి మాట యించుమించుగ నొక్కటే. ఉదయమున నిల్లు విడిచితిమి. దీపములు పెట్టు వేళకు తిరిగివచ్చితిమి. నడుమ మే మెక్కడ నుంటిమో, ఏమి చేసితిమో పెద్ద లెవ్వరు నడుగలేదు. అందుచేతనే మేము ధైర్యవంతులమైతిమి. నేటి పిల్లల కా భాగ్యము లేదు. ఈ మాటలో మూడు భాగము లున్నవి. మొదటిది జ్ఞాపకము, రెండవది కారణనిర్ణయము, మూడవది తీర్పు. పాఠకులు మొదటిదాని మాధుర్యమునకు లోబడి తక్కిన రెంటిని పరీక్షింపకయే యంగీకరించుచున్నారు. ఆ పరీక్ష చేయుటయే మా యుద్దేశము. ఏలయన, ఆ తీర్పు పుస్తకములలోనే నిలువక యిండ్లలోనికి వచ్చి, నేటి తల్లులపై నేరముగ మోపబడుచున్నది.

మన శాస్త్రకారులు స్మృతికి రెండు స్థానము లిచ్చిరి. పూర్వానుభవమువలన మనస్సున మిగిలిన సంస్కారమాత్రముచే పుట్టు జ్ఞానము స్మృతి యని నైయాయికులు చెప్పి, దానిని యథార్థానుభవముతో సమముగ నెంచక ప్రమాణకోటినుండి తొలగించిరి. ఆలంకారికు లన్ననో, దానిని ముప్పదిమూడు వ్యభిచారిభావములలో నొకటిగ గ్రహించి రసపోషకమని గౌరవించిరి. ఈ రెంటికిని విరోధము లేదు. బాల్యస్మృతి కావ్యముగ నెంత గొప్పదైనను కావచ్చును. సాక్ష్యముగ నిలువవలసివచ్చినప్పు డది వేఱు సాక్షుల తోడ్పాటు కోరును. ఈ కొలబద్దను చేతబట్టి నాలుగు గ్రంథములను పరిశీలింతము.

అనీ డిల్లార్డు రచించిన 'యాన్ అమెరికన్ చైల్డ్‌హుడ్' 1987లో వెలువడినది. పిట్స్‌బర్గు నగరములోని పాయింట్ బ్రీజ్ పేటయందు 1950 ప్రాంతపు బాల్యము దాని విషయము. ఈ గ్రంథమున ప్రసిద్ధమైన ఘట్ట మొకటి గలదు. ఏడేండ్ల బాలిక, తోడి బాలురతో గూడి, మంచు కురిసిన యుదయమున దారిని పోవు కారుపై మంచుముద్ద విసరును. కారు నిలుచును, లోని మనుష్యుడు దిగి, పిల్లలను వెంటాడును. వీథులు, పెరళ్లు, కంచెల సందులు దాటి యాత డాగక పరుగెత్తును. తుదకు పట్టుకొని మందలించును. ఆ మందలింపు ఆమెకు చప్పగా తోచెను. ఆ పరుగు మాత్రము జీవితమంతయు జ్ఞాపకముండెను. ఒక పెద్దమనుష్యుడు తన పనిని మాని, పిల్లల యాటను పిల్లలకంటె శ్రద్ధగా నాడెనని ఆమె యానందము. తనను తాను పూర్తిగ నర్పించుకొననిదే యే పనియు సిద్ధింపదని బాలుర బంతియాటలో నేర్చిన పాఠమే యిక్కడను ఫలించినది. ఇందు నీతిబోధ లేదు. నేటివారిపై నిందయు లేదు. జరిగిన దానిని కండ్లకు కట్టించి యూరకుండుటచేతనే యీ ఘట్టము కావ్యమైనది.

ఇదే గ్రంథమున నొక చిన్న వివరము గలదు. ఇంటి టెలిఫోను సంఖ్యను చెప్పగలిగిన నాటినుండియే తల్లి తనను వీథులలో స్వేచ్ఛగ తిరుగనిచ్చెనని రచయిత్రి చెప్పును. మాకది మంచుముద్దకంటెను ముఖ్యముగ తోచుచున్నది. ఆ స్వేచ్ఛ నిర్లక్ష్యమువలన కలిగినది కాదు; ఒక పరీక్షలో నెగ్గిన పిదప నీయబడినది. ఆ సంఖ్యను చెప్పినచో ఫోను తీయుట కింట నొకరుండిరి. కంటికి కనబడని దారము మాత్ర మొకటి యుండెనన్నమాట. తక్కిన స్మృతికారులు సాధారణముగ మఱచునది యీ దారమునే.

డోరిస్ కేర్న్స్ గుడ్విన్ చరిత్రకారిణి. ఆమె 'వెయిట్ టిల్ నెక్స్ట్ ఇయర్' (1997) న్యూయార్కు సమీపమున లాంగ్ ఐలండులోని రాక్‌విల్ సెంటర్ అను శివారుపేటలో గడచిన బాల్యమును చెప్పును. తండ్రి నేర్పిన బేస్‌బాల్ లెక్కలు, బ్రుక్లిన్ డాడ్జర్ల జట్టుపై భక్తి, ఇరుగుపొరుగు పిల్లల కూటములు దీని ప్రధానవస్తువులు. చరిత్రకారిణి యగుటచేత పేటను లోకమునుండి విడదీయలేదు. 1954లో సెనేటరు మెకార్తీ విచారణలు దేశమంతట మాఱుమ్రోగుచుండగా పిల్లలును విచారణసభ యాట నాడుకొనిరి. ఒకరిపై నొకరు నేరములు మోపుకొనిరి. ఆట కటువై స్నేహములు చెడు స్థితి వచ్చినది. పెద్దల కన్ను లేనిచోట పిల్లలు సహజముగ సాధువులై యుందురను భ్రమ నీ ఘట్టము తొలగించును. పెద్దలు చూడకున్నను పెద్దల దుర్గుణములు వీథిలోనికి వచ్చును. స్మృతిగ్రంథమున నిట్టి మచ్చను దాచకుండుట గుణమే.

బిల్ బ్రైసన్ రచించిన 'ద లైఫ్ అండ్ టైమ్స్ ఆఫ్ ద థండర్‌బోల్ట్ కిడ్' (2006) హాస్యగ్రంథము. అయోవా రాష్ట్రమున దెమాయిన్ నగరమున పిల్లలు లెక్కకు మిక్కిలిగా వీథులలో నుండిరని యాత డతిశయోక్తులతో వర్ణించును. అతిశయోక్తి హాస్యమునకు భూషణమే. అందు సత్యము లేకపోలేదు. 1957లో అమెరికాయందు సుమారు 43 లక్షల శిశువులు జన్మించిరి. ఏ తలుపు తట్టినను తోడు దొరకిన కాలమది. అయిన నొక సంగతి గమనింపదగును. ఈ రచయిత తల్లి యింట నుండు గృహిణి కాదు. తండ్రివలెనే యామెయు వార్తాపత్రికలో పని చేసినది. తల్లి యింట లేకున్నను కుమారుడు నిర్భయముగ తిరుగగలిగె నన్నచో, పొరుగిండ్లలో తక్కిన తల్లులుండి వీథిని గనిపెట్టుచుండుట యొక కారణమని మా యూహ. గ్రంథము వారి శ్రమకు ఋణపడియున్నది. ఆ ఋణమును లెక్కలో వ్రాయలేదు.

మా దృష్టిలో నీ వర్గమున నన్నింటికంటె నిలుకడగల గ్రంథము డి. జె. వాల్డీ రచించిన 'హోలీ ల్యాండ్' (1996). కాలిఫోర్నియాలోని లేక్‌వుడ్ పేట దీని విషయము. 1950 మొదలు మూడేండ్ల కాలములో నచ్చట సుమారు 17,500 ఇండ్లు లేచినవి. స్థలములు 50 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు. రచయిత తలిదండ్రులు కొన్న యింటనే పెరిగి, అందే నివసించుచు, ఆ పురపాలక కార్యాలయముననే యుద్యోగము చేసెను. 316 చిన్న ఖండములుగ వ్రాయబడిన యీ గ్రంథమున కొలతలు, క్రయములు, నేల చదునుచేసిన విధము మొదలగున వన్నియు జ్ఞాపకముల ప్రక్కన నిలుచును. అందుచేత పాఠకునకు పిల్లవాడు నడచిన నేలతో పాటు, ఆ నేలను గీతలు గీసి యమ్మినవారును కనబడుదురు. స్మృతికి కావలసిన వేఱు సాక్షిని రచయిత తానే తెచ్చుకొనెను.

ఇక నీ గ్రంథములవలన పాఠకలోకమున పుట్టిన తీర్పును పరీక్షింతము.

మొదట, ఆ వీథి యెవరిది? న్యూయార్కు రాష్ట్రమున 1947లో నారంభమైన లెవిట్‌టౌన్ ఈ పేటలకెల్ల నమూనా. కొలది సంవత్సరములలో నచ్చట 17,447 ఇండ్లు నిర్మింపబడెను. ఇంటికి నింటికి నడుమ కంచె కట్టరాదని నిర్మాతల నియమము. పెరళ్లన్నియు నొకే పచ్చికబయలై పిల్లల పరుగు కడ్డులేకుండెను. ఆ నిర్మాతలదే మఱియొక నియమము: తెల్లజాతివారు గానివారు, ఇంటి సేవకులుగ తప్ప, ఆ యిండ్లలో నివసింపరాదు. ఇండ్ల నడుమ కంచె వద్దన్నవారే యూరి చుట్టు కంచె వేసిరి. ఇట్టి షరతులను న్యాయస్థానము లమలు జరుపరాదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుచెప్పినను, ఆచారము వెంటనే మాఱలేదు. 1957లో పెన్సిల్వేనియాలోని మఱియొక లెవిట్‌టౌనులో మొట్టమొదటి నల్లజాతి కుటుంబము ప్రవేశించినప్పుడు జనులు గుంపులుగ చేరి యా యింటిపై రాళ్లు విసరిరి. ఆ యింటను చిన్నపిల్లలుండిరి. వారికి వీథి యాటస్థలము కాలేదు. 'ఆ కాలమున పిల్లలందఱు' అని వాక్యము మొదలుపెట్టు స్మృతికారుడు 'అందఱు' అను పదమును కొట్టివేసి తిరిగి వ్రాయవలెను.

రెండవది, ఆ వీథిని కాచిన దెవరు? జేన్ జేకబ్స్ 1961లో నగరనిర్మాణమును గూర్చి వ్రాసిన విఖ్యాతగ్రంథమున కాలిబాటల ప్రయోజనములలో పిల్లల పెంపకము నొకటిగ జెప్పినది. అంగడివాడు, దారిని పోవువాడు, కిటికీయొద్ద నిలిచిన స్త్రీ - వీరందఱును జీతములేని కావలివారు. పని చోట్లను నివాసములనుండి దూరముచేసిన పేటలలో నీ కావలి కేవలము స్త్రీల తలపై పడునని కూడ నామె యాక్షేపించినది. పర్యవేక్షణ లేని బాల్యమని మన మనుకొనునది నిజమునకు పంచుకొనబడిన పర్యవేక్షణ. పిల్లవానికి స్వేచ్ఛ, తల్లికి వంటయిల్లు. ఒకరి స్వేచ్ఛ మఱియొకరి నిర్బంధముపై నిలిచినదని యెఱుగుట స్త్రీవిద్యను, స్త్రీల స్వార్జనను కోరు మనవంటి గృహములకు ముఖ్యము. అమెరికాలో పదునెనిమిదేండ్లలోపు బిడ్డలుగల తల్లులలో పనిచేయువారు, పని వెదకువారు కలిసి 1975లో నూటికి 47 మంది. 2000 నాటికి 73 మంది. దీనిని దోషమని యెంచువారు వీథిలో ఖాళీయైన కావలిస్థానమునకు పురుషు లేల రాలేదో మొదట చెప్పవలెను.

మూడవది, స్మృతిగ్రంథములను బ్రతికినవారే వ్రాయుదురు. 1952లో అమెరికాయందు సుమారు 58,000 మందికి పోలియో సోకెను. మూడువేలమందికి పైగ మరణించిరి. తల్లులు వేసవిలో పిల్లల నీదుకొలనులకు పంప వెఱచిరి. సాల్కు టీకా విజయవార్త 1955 ఏప్రిలు 12న వెలువడినది. 1950లో ఐదు మొదలు పదునాలుగేండ్లవఱకుగల పిల్లలలో లక్షకు సుమారు 60 మంది సంవత్సరమునకు మరణించుచుండిరి. 2010 నాటికా సంఖ్య 13కు దగ్గఱగ దిగినది. ఈ తగ్గుదల కంతయు నాట మానుటయే కారణమని మేము చెప్పుటలేదు. ఔషధములు, టీకాలు, ఇతర జాగ్రత్తలును కారణములు. కాని 'మాకేమియు కాలేదు' అనుమాట తర్కము కాదు. అయినవారు మాటాడుటకు లేరు.

మన భాగవతకవి యీ విషయమున గొప్ప మేలుకొలుపు. దశమస్కంధమున గోపబాలురు దూడలను తోలుకొని, చల్దులు కట్టుకొని, పెద్దలు లేకుండ నడవికి పోయిరి. వా రాడుకొనుచు కొండచిలువ నోటిని వింతయనుకొని లోనికి నడచిరి. అఘాసురు డక్కడ కాచుకొనియుండెను. ఆ గండము గడచిన పిదపనే మనము మురిసిపోవు చల్దుల విందు. కవి యాటను, అపాయమును ఒకే కథలో నిలిపెను. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచియుండినచో మనకు విందు మాత్రము మిగిలి, బాలురను గాచినవాని మహిమ తెలియకపోయెడిది.

ఇంతవఱకు దోషములను చెప్పితిమి. కావున నీ జ్ఞాపకములన్నియు మిథ్యలని పాఠకులు భావింపరాదు. వానికి బలమైన సాక్షులు గలరు. ఇంగ్లండున ఐయోనా ఓపీ, పీటర్ ఓపీ దంపతులు వృద్ధుల జ్ఞాపకములపై నాధారపడక, పిల్లలనే యడిగి, వారి యాటపాటలను వ్రాసికొనిరి. 1959లో వెలువడిన వారి మొదటి గొప్ప గ్రంథమునకు 70 పాఠశాలలలోని సుమారు 5,000 మంది పిల్లలు వివరము లందించిరి. 1969 నాటి రెండవ గ్రంథమునకు పదివేలమందికి పైగ. రెండవదానియందు పెద్దల కంటికి దూరముగ, ఆరుబయట, తమంత తామే పిల్లలాడు నాటలనే యేరుకొనిరి. ఆట మధ్య నలసినవాడు వ్రేళ్లు పెనవేసి ఒక మాట పలుకును; అప్పుడు వానిని తాకరాదు. ఆ మాట లండను ప్రాంతమున 'ఫెయినైట్స్', పడమటి దిక్కునను స్కాట్లండునను 'బార్లీ'. మన పిల్లలు 'తూచ్' అని చెల్లని యాటను కొట్టివేయుట యిట్టిదే. ఏ గురువును నేర్పని యీ శాసనమును పిల్లలే యొకరినుండి యొకరు గ్రహించి, తామే యమలు జరుపుకొందురు. వంతులు నిర్ణయించుట, తగవు తీర్చుట, చిన్నవానికి సులభపు నియమ మిచ్చుట, ఓడినవానిని మరల చేర్చుకొనుట - ఇవన్నియు వీథిలో జరుగు విద్య. ఉపాధ్యాయవృత్తిలోనున్న మేము గట్టిగ చెప్పగలము: పెద్దవాడు ఈలపట్టుకొని నిలిచిన మైదానమున బాలుడు బంతిని తన్ననేర్చును గాని, న్యాయమును నిర్ణయింప నేర్వడు. ఆ పని యీలవాడు చేయును గదా.

నష్టము నిజమే. మఱి కారణ మేమి? పిల్లల సోమరితనమా, తల్లుల పిఱికితనమా? మేయర్ హిల్‌మన్ మొదలగువారు 1990లో ప్రకటించిన పరిశోధన దీనికి సమాధానము చూపును. ఇంగ్లండులో ఏడెనిమిదేండ్ల పిల్లలలో పెద్దల తోడులేక బడికి పోవువారు 1971లో నూటికి 80 మంది; 1990లో 9 మంది. ఆ కాలమున రోడ్లపై పిల్లల మరణములు తగ్గుట చూచి యధికారులు రోడ్లు సురక్షితములైనవని సంతోషించిరి. రోడ్లు సురక్షితములు కాలేదు, పిల్లలే రోడ్లనుండి తొలగింపబడిరి అని పరిశోధకులు చెప్పిరి. అమెరికాలో 1945లో సుమారు రెండున్నర కోట్లుగనున్న కార్లు 1960 నాటికి ఆఱు కోట్లు దాటెను. శివారుపేటలను పోషించిన కారే శివారుపేటల వీథిని మ్రింగినది. స్మృతికారులు తమ తండ్రుల క్రొత్తకారును ముచ్చటగ వర్ణింతురు. తమ బిడ్డల వీథి యెటు పోయినదని విచారింతురు. ఈ రెండు ప్రకరణములను కలిపి చదువువారు తక్కువ.

దీనికి భయము తోడయ్యెను. 1979లో న్యూయార్కున బడిబస్సుకై మొదటిసారి యొంటరిగ నడచిన ఆఱేండ్ల బాలు డదృశ్యుడయ్యెను. ఆ వార్త దేశమంతటి తల్లుల హృదయములను కలచినది. కాలక్రమమున భయము చట్టముగ గట్టిపడెను. 2015లో వాషింగ్టను శివారైన సిల్వర్ స్ప్రింగునందు పదేండ్ల బాలుని, ఆఱేండ్ల బాలికను, ఉద్యానమునుండి యొంటరిగ నింటికి నడచుచుండగ పోలీసులు కొనిపోయిరి. 2018లో యూటా రాష్ట్రము, తగిన వయస్సుగల పిల్లలను ఒంటరిగ నాడనిచ్చుట నిర్లక్ష్యదోషము కాదని చట్టము చేయవలసివచ్చినది. ఒకనాడు పేరైన లేని సామాన్యకార్యమునకు నేడు శాసనసభ యనుమతి కావలసియున్నది. ఇట్టిచోట తల్లిని నిందించుట యన్యాయము.

ఈ విషయము మనకు పరదేశపు ముచ్చట మాత్రము కాదు. 1965 నాటి వలసచట్టము పిమ్మట తెలుగు కుటుంబము లనేకము లమెరికా శివారుపేటలలో స్థిరపడినవి. మనుమలను చూచుకొనుటకై యిచ్చటినుండి పోవు అమ్మమ్మలును తాతయ్యలును పచ్చికబయళ్లు గల నిర్జనవీథిని చూచి, 'పిల్లల నింట బంధించితిరేమి' అని బిడ్డలను దెప్పుట మేము వినియున్నాము. ఆ మాటలో ప్రేమ గలదు, విచారణ లేదు. ఆ పేటలో పిల్లవా డొంటరిగ బయటికి పోవలెనన్నచో కారు నెమ్మదిగ పోవు వీథి కావలెను. పొరుగువానిని పేరుతో పిలువగల చుట్టరికము కావలెను. చూచి పలుకరించు పెద్దలు, పురుషులును, కావలెను. ఇవి తల్లి యొక్కతె తన గడపలోపల సృష్టింపగలవి కావు. పురపాలకులు, పొరుగువారు, తండ్రులు చేయవలసిన పనులు.

ఈ గ్రంథములను మన పాఠకులు తప్పక చదువవలెను. డిల్లార్డును రసమునకై, గుడ్విన్‌ను నిజాయితీకై, బ్రైసన్‌ను నవ్వుకై, వాల్డీని వివేకమునకై చదువుదురు గాక. చదివిన పిదప నేటి పిల్లలతో పోల్చి నిట్టూర్చుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొందురు గాక: ఆ వీథిలోనికి రానీయబడనివా రెవరు? ఆ వీథిని జీతము లేక కాచిన దెవరు? ఆ వీథిని కార్లకు అప్పగించిన దెవరు? మూడవ ప్రశ్నకు ప్రత్యుత్తరమున తమ పేరును వ్రాసికొనుటకు స్మృతికారులు వెనుదీయనినాడు, ఈ వాఙ్మయము నిట్టూర్పుగ మిగులక సంస్కారమునకు సాధన మగును. విజ్ఞులు విచారింతురు గాక.